కుంట నడుమ తిప్ప

మొన్న ఎండాకాలంలో మా చిన్నత్త ఫోన్ చేసింది. "నీళ్లు దిగిపోయినాయంట పిల్లా, మనూరు కనపడతాండాదంట. నన్నొకసారి తీస్కపోతావా?" అని అడిగింది.

చిన్నత్త అంటే మా నాయనకు ఆఖరి చెల్లెలు. డెబ్భైకి దగ్గర పడిన మనిషి. నేనూ మనవరాళ్లను ఎత్తుకున్నదాన్నే. అయినా ఆమె నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవదు, పిల్లా అనే అంటుంది. ఆ మాట చెవిన పడితే ఈ వయసులో కూడా నా గుండె ఒక్కసారి ఝల్లుమంటుంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారని భయం.

కొత్త రిజర్వాయరు నింపిన ఏడు మా ఊరు నీళ్ల కిందికి పోయింది. జనాన్ని లేపి దూరంగా కాలనీలో పెట్టారు. వానలు తక్కువైన ఏడు నీళ్లు లోపలికి జరిగి మొండిగోడలు బయటపడతాయని వినడమే గానీ నేనెప్పుడూ వెళ్లి చూడలేదు. ప్రొద్దుటూరులో బస్సెక్కి జమ్మలమడుగులో దిగాను. చిన్నత్త అప్పటికే బస్టాండులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆటో మాట్లాడుకుని బయల్దేరాం.

ఆటో రోడ్డు వదిలి మట్టిదారిలోకి దిగగానే ఎండుతున్న బురద వాసన కొట్టింది. నాచు, కుళ్లిన తుంగ, చచ్చిన చేపలు, అన్నిటికిందా తడిసిన రేగడి వాసన. నా చెయ్యి దానంతట అదే పోయి చిన్నత్త చీర పట్టుకుంది.

మా ఊరికి పడమటి పక్క ఒక కుంట ఉండేది. వానలు పడితే నిండేది. బర్రెలు దిగేవి, ఆడవాళ్లు బట్టలుతికేవాళ్లు, మగపిల్లలు ఈత కొట్టేవాళ్లు. గట్టు దగ్గర మోకాలి లోతే. నడుమ మాత్రం ఒక పెద్ద గుంత ఉంది. ఎప్పుడో రోడ్డు వేసినవాళ్లు మన్ను తవ్వుకుపోతే ఏర్పడిందట. నీళ్లు నిండాక అది ఎక్కడ మొదలవుతుందో పైకి తెలియదు. ఆ గుంత అడుగు చూసినవాళ్లు ఎవరూ లేరని పెద్దవాళ్లు మమ్మల్ని బెదిరించేవాళ్లు. నేను బెదిరేదాన్ని. మా అన్న బెదరలేదు.

అన్న అంటే పెదనాయన కొడుకు. అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. ఆ రోజు వాడు చొక్కా విప్పి నా చేతికిచ్చి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోయి వస్తానన్నాడు. నడుమ దాకా బాగానే పోయాడు. అక్కడ అలిసిపోయినట్టున్నాడు, నిలబడదామని కాళ్లు కిందికి దించాడు. నేల అందలేదు. వాడి మొహం మావైపే ఉంది. నేల అందలేదని వాడికి తెలిసిన ఆ క్షణం నేను చూశాను. చొక్కా నా చేతిలోనే ఉంది.

దినం నాడు, ఊరి పెద్దలంతా భోజనాలకు కూర్చున్నప్పుడు, మా జేజినాయన లేచి నిలబడ్డాడు. జేజినాయన అంటే నాయనకు నాయన. ఊళ్లో ఆయన మాటకు తిరుగులేదు. "ఆ కుంట నడుమ తిప్ప కడతా. కాలు మోపేదానికి ఇంత చోటుండింటే నా మనవడు బతికిండేటోడు. వచ్చే వానలకంతా అది లేస్తాది" అన్నాడు. ఇంత అని చెప్పడానికి రెండు చేతులూ చాపి చూపించాడు.  విస్తళ్ల ముందు ఎవరూ ముద్ద ఎత్తలేదు.

మాకు పొలాలు బాగానే ఉన్నాయి గానీ వరసగా కరువులు. ఇంట్లో దుడ్లు లేవు. ఉన్నవల్లా మనుషులు, ఎద్దులు, బండ్లు, కావలసినంత మన్ను. వాటితోనే కానిద్దామన్నాడు జేజినాయన. ఎండలు ముదిరి నీళ్లు గుంత మట్టానికి దిగగానే పని మొదలైంది. కంపచెట్లు నరికి గుంతలో తొక్కించి, వాటి మీద కుంటలో మన్నే తవ్వి పోశారు. మధ్యాహ్నానికి మా జేజి, అంటే నాయనమ్మ, సంగటి తట్ట, ఊరిమిండి పచ్చడి, మజ్జిగ కడవ బండిలో పంపించేది. నేనూ ఆ బండిలోనే పోయేదాన్ని. ఎండకు కాగిన బురద వాసన మధ్య తిన్న ఆ సంగటి రుచి మళ్లీ ఎక్కడా దొరకలేదు. దిబ్బ లేస్తుంటే పండగలాగే ఉండేది. మొదటి పెద్దవానకు ఆ దిబ్బంతా నీళ్లలో వేసిన బెల్లంలాగ కరిగిపోయింది.

జేజినాయన మళ్లీ మొదలుపెట్టాడు. ఆ ఏడు వానలు ఆ ఒక్క వానతోనే ఆగిపోవడం వల్ల కుంట మళ్లీ ఎండింది. ఈసారి కూలిపోయిన కొట్టం రాళ్లు, చేల గట్ల రాళ్లు ఏరి తెచ్చి, సున్నం లేకుండా చుట్టూ గోడలాగ పేర్చారు. లోపల నింపడానికి తన చేలన్నిటిలోకి మేలైన చేని రేగడిమన్ను తోలించాడు.

మా వైపు రేగడి సంగతి తెలియనివాళ్లు లేరు. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే నోళ్లు తెరుస్తుంది. వానాకాలంలో మా ఇంటి తలుపులే సరిగ్గా పడేవి కావు. గోడ వెనక రేగడి పోయకూడదని గొర్రెలు కాసేవాళ్లకు కూడా తెలుసు. జేజినాయనకు తెలియదా? కానీ అది ఆయన చేని మన్ను, పోయిన మనవడికని తెచ్చిన మన్ను. పనిలో ఉన్న ఒక్కరూ నోరు విప్పలేదు.

అదునుగాని అదునులో వాన కురిసి కుంటలోకి నీళ్లొచ్చాయి. మరుసటి మధ్యాహ్నం మేం గట్టు మీద ఉన్నాం. ముందు ఒక రాయి బయటికి జరిగింది. లోపలినుంచి ఎవరో అరచేత్తో నెట్టినట్టు, మెల్లగా. తర్వాత ఇంకొకటి. టక్కుమని చప్పుడు, బుడగలు, మళ్లీ చప్పుడు. గాలి లేదు, అల లేదు. చూస్తుండగానే గోడంతా కడుపు పగిలి నీళ్లలోకి జారింది.  బట్టలుతుకుతున్న ఒక ముసలమ్మ చెయ్యి ఆపి, "కుంట ఒప్పుకోల్యా. దానికింగా ఏందో గావాల" అంది.

ఆ మాట ఇంటికి తెచ్చుకున్నాను. సాయంత్రం జేజి జొన్నరొట్టెలు తడుతుంటే పక్కన కూర్చుని, కుంటకు ఏం కావాలని అడిగాను. జేజి రొట్టె తిప్పుతూ, వెనకటికి ఎక్కడో చెరువుకట్ట ఎంత కట్టినా నిలబడకపోతే ఇంటి కోడల్ని ఇచ్చారని కథ చెప్పింది. ఆ పిల్ల పసుపు పూసుకుని, కొత్తచీర కట్టుకుని, తానే నడిచిపోయి కట్టలో నిలబడిందట.

"కోడల్నే ఎందుకిచ్చినారు జేజీ?"

"కూతురైతే మనసొప్పొద్దా పాపా" అంది జేజి, రొట్టె మీద నీళ్లు చిలకరిస్తూ.

మా ఇంట్లో కోడలంటే అమ్మ, పెద్దమ్మ. ఆ రాత్రి అమ్మ కొంగు ముడి నా వేలికి చుట్టుకుని పడుకున్నాను. నన్ను గురించిన భయం ఇంకా మొదలు కాలేదు.

కొన్నాళ్లకు గనుల ఊరి ఆసామి ఒకాయన బుల్లెట్టు బండి మీద వచ్చాడు. నాపరాళ్ల గని ఉంది ఆయనకు. కనుబొమల మీద తెల్లటి రాతిదుమ్ము అలాగే ఉంది. నేను చెంబుతో నీళ్లిస్తే తాగి, నా తల మీద చెయ్యి పెట్టాడు.

"ఈ పాప ఎవురు మామా?"

"నా మనవరాలప్పా. వాడు పోయినంక ఇంట్లో మిగిలింది ఇదొక్కటే."

ఆ చెయ్యి బరువుగా, గరుకుగా ఉంది. నేను లోపలికి పోయి తలుపు చాటున నిలబడ్డాను. పెద్దవాళ్ల మాటలు వినడం నాకున్న చెడ్డ అలవాటు.

"మన్ను పోస్తే ఉబ్బి పగులుతాది మామా" అంటున్నాడాయన. "బయటా రాయే పేర్చాల, లోపలా రాయే పోయాల. నా గనికాడ పనికిరాని రాయి కొండంత పడిండాది. ట్రాక్టర్లు నావే, మనుషులు నావోళ్లే. మీకు పైసా ఖర్చు పెట్టనీను. మీ పిల్లనియ్యండి. తిప్ప నిలబెట్టే పూచీ నాది."

 జేజినాయన చేతికర్ర నేలను గీస్తున్న చప్పుడు వినిపించింది.

"పిల్లనా" అన్నాడు చివరికి.

"ఎప్పుడో ఒగనాడు ఇయ్యాల్సిందే గదా మామా."

"సరేప్పా. ఆడోళ్లతో ఒగ మాటనుకుంటా."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపు చెక్క పట్టుకుని అలాగే నిలబడ్డాను. కూతురికి మనసొప్పదు, కోడళ్లు పిల్లలు కారు, మిగిలింది మనవరాలే కదా. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి చూసుకున్నది అందుకే. అన్న ఉన్న చోటికే నన్నూ పంపిస్తారు. కాళ్లు కిందికి దించితే నేల అందని చోటికి.

ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగినా నా భయానికే ఎరువు పడింది. జేజి పొయ్యి దగ్గర కళ్లు తుడుచుకుంటుంటే అమ్మ మెల్లగా అడిగింది: "పిల్లకు చెప్పినారా అత్తా?" "యాడ చెప్పేది. చెప్తే ఏడ్చాది. దగ్గర కూర్చోబెట్టుకోని చెప్దాంలే" అంది జేజి. నన్ను చూసి ఇద్దరూ గమ్మునయ్యారు. జేజి నన్ను దగ్గరికి లాక్కుని ఉత్తనే ముద్దు పెట్టుకుంది. కంచంలో నెయ్యి ఎక్కువ పడసాగింది. జాతరకు తెచ్చిన మేకకు కూడా ముందు నాలుగు రోజులు బాగానే మేత వేస్తారని నాకు తెలుసు.

అమ్మా జేజీ ప్రొద్దుటూరు పోయి బట్టలు తెచ్చారు. అందులో నాకు బంగారు రంగు లంగా గుడ్డ ఉంది. కరువులో, పండగ కాని పండగలో నాకు లంగా ఎందుకు? దర్జీ వచ్చి కొలతలు తీస్తుంటే అమ్మ, "పొడవు పెట్టప్పా, ఎదిగే పిల్ల" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. చచ్చిపోయేదానికి పొడవెందుకు? అంతలోనే జేజి, "గుడ్డ చాలొద్దా మ్మే, ఆ ఒక్క పూటకే గదా" అంది. నేను అక్కడే లంగా తడుపుకున్నాను.

ఎవరికీ చెప్పలేకపోయాను. చెప్తే పని తొందరగా జరుగుతుందేమోనని భయం. తప్పించుకునే దారి ఒకటే తోచింది. అంతకుముందు జాతరలో చెవి చీలిన మేకను అమ్మవారికి పనికిరాదని వెనక్కి తోలేశారు. అవయవం లోపం ఉన్నదాన్ని ఇవ్వరు. చెవి కోసుకోవాలని చూశాను, ధైర్యం చాలలేదు. జేజి వక్కలు కత్తిరించే అడకత్తెర తీసుకుని గడ్డివామి వెనక్కి పోయి, నా జడ మధ్యలో పెట్టి నొక్కాను. వక్కలు కత్తిరించినంత సులువు కాదు. కొరికి కొరికి, సగం తెగి, సగం వేలాడుతున్నప్పుడు చిన్నత్త వచ్చింది.

చిన్నత్తకు అప్పుడు లంగా ఓణీలు పోయి చీరలొచ్చిన వయసు. ఇంట్లో అందరికంటే పొడుగు. సీకాయ వాసన వేసేది. నాకు తల దువ్వేదీ, అచ్చనగాయలు నేర్పిందీ, ఓడిపోతే తొండాట ఆడేదీ ఆమే. ఆమె నవ్వితే కొట్టంలో ఎద్దులు తల తిప్పి చూసేవి.

"ఏంది పిల్లా ఇది? ఎవురన్నా చూస్తే నీ వీపు పగులుతాది."

"నన్నియ్యొద్దని చెప్పత్తా."

"యాడికి?"

"కుంటకి."

ఆమె నవ్వి నవ్వి గడ్డి మీద కూలబడింది. నేను ఏడుపు ఆపుకోలేక, తలుపు చాటున విన్నదంతా చెప్పేశాను. మీ పిల్లనియ్యండి అన్నాడని, తిప్ప నిలబెట్టే పూచీ తనదన్నాడని, జేజినాయన సరేనన్నాడని, చెప్తే పిల్ల ఏడుస్తుందని జేజి అందని. చెప్పుకుంటూ పోతుంటే ఆమె నవ్వు ఎక్కడ ఆగిందో నేను చూడలేదు. తలెత్తేసరికి ఆమె మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఎవురన్నది? ఆ గని ఆయనా?"

"ఊఁ. ట్రాక్టర్లు తోలిస్తాడంట."

"రాళ్లకా" అంది. నన్ను కాదు అడిగింది.

ఆ గని ఆసామి పెద్దకొడుకు సంగతి ఊరందరికీ తెలుసు. మొదటి పెళ్లాం గనిలో నిలిచిన నీళ్లలో పడి చచ్చిపోయింది. కాలు జారిందని కొందరు, తానే దిగిందని కొందరు. బట్టలుతికే చోట ఈ మాటలు నేనూ విన్నాను. కానీ ఆ పూట అవేవీ నాకు గుర్తు రాలేదు.

చిన్నత్త లోపలికి పోయి కత్తెర తెచ్చింది. నన్ను ముందు కూర్చోబెట్టుకుని, వేలాడుతున్న జడ తీసేసి, చుట్టూ సమంగా కత్తిరించింది. మెడకు తగిలినప్పుడల్లా ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. అంతా అయ్యాక నా భుజాల మీది వెంట్రుకలు దులిపి చెప్పింది.

"నిన్ను గాదు పిల్లా. నన్ను. నిన్నెవురూ ఏం చెయ్యర్లే. పోయి ఆడుకో పో."

ఆ మాటతో నా ఒంట్లో ఇన్నాళ్లుగా బిగుసుకున్నదంతా వదిలిపోయింది. మధ్యాహ్నం కూర్చుని సంగటి కడుపునిండా తిన్నాను. చిన్నత్త కంచం ముందు కూర్చుని ముద్ద చిదుముతూనే ఉంది. అది చూశాను, చూసి, ఇంకో ముద్ద పెట్టించుకున్నాను.

తర్వాత ఒకరోజు జేజినాయన పంచలో కూర్చుని ఉంటే చిన్నత్త పోయి స్తంభం పక్కన నిలబడింది. "నాయనా, వాళ్ల గనిలో నీళ్లుండాయంట గదా" అంది. జేజినాయన తలెత్తలేదు. "నీళ్లు యాడ లేవమ్మా" అన్నాడు. ఆమె ఇంకేదో అడుగుతుందని నేను ఎదురుచూశాను. అడగలేదు. లోపలికి వచ్చి కడవ తీసుకుని నీళ్లకు పోయింది.

కుంట మళ్లీ ఎండగానే రాళ్లు ముందొచ్చాయి. ట్రాక్టరు వెనక ట్రాక్టరు. పలకలు పలకలుగా నల్లరాయి, దాని వెంట తెల్ల దుమ్ము. గని మనుషులు వాటిని అడ్డంగా, నిలువుగా పేర్చి, లోపల కంకరరాయి పోసి, వారం తిరక్కుండా నిలబెట్టారు. ఆ తర్వాత చిన్నత్తకు ఆ పెద్దకొడుకుతో పెండ్లి. ఓళిగలు, అలసంద వడలు, పొట్టిజుట్టుతో బంగారు లంగాలో నేను. సాగనంపేటప్పుడు రాళ్లు తెచ్చిన ట్రాలీనే కడిగి, దుప్పట్లు పరిచి పెండ్లికూతుర్ని కూర్చోబెట్టారు. ఎంత కడిగినా ట్రాలీ సందుల్లో దుమ్ము పోలేదు. ఆమె ఎర్రచీర అంచు అప్పుడే తెల్లబడింది. ట్రాలీ కదిలాక చూస్తే, ఆమె రెండు చేతులూ కమ్మీని పట్టుకుని ఉన్నాయి. మునిగిపోయేవాళ్లు పట్టుకున్నట్టు పట్టుకుంది. అప్పుడు నాకు గనిలో నీళ్లు గుర్తొచ్చాయి. అరుస్తూ ట్రాక్టరు వెంట పరుగెత్తాను. ఎవరో నన్ను ఎత్తుకుని వెనక్కి తెచ్చారు. అత్త పోతుందని బెంగ పెట్టుకుందిలే అన్నారు.

కుంట నిండింది. తిప్ప కదల్లేదు. జేజినాయన గుంత పూడిన చోటు మీదుగా మెడలోతు నీళ్లలో పోయి దాని మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఊరంతా గట్టు మీద చేరి చూసింది. ఆ తర్వాత ఊరు మునిగేదాకా ఆ కుంటలో ఒక్క బిడ్డ పోలేదు. ఎంతమంది అలిసి దాన్ని పట్టుకున్నారో. నేను మాత్రం ఒక్కసారి కూడా దాని దాకా పోలేదు.

నా భయం ఊరు మారిందంతే. గనుల ఊరి నుంచి మనిషి వచ్చాడంటే తలుపు చాటున నిలబడి ప్రతి మాటా వినేదాన్ని. చిన్నత్త పండగకు పుట్టింటికి వస్తే, ఒళ్లో దూరినట్టు దూరి, చీర కుచ్చిళ్లు తడిగా ఉన్నాయేమోనని పట్టుకుని చూసేదాన్ని. పొడిగా ఉంటే ఊపిరి ఆడేది. మళ్లీ పోతుంటే మళ్లీ భయం.

ఆటో ఆగింది. మా ఊరు మోకాలెత్తు మట్టికుప్పలై ఉంది. మా ఇల్లు ఏదో గుర్తుపట్టలేకపోయాను. చిన్నత్త చెప్పులు చేతిలో పట్టుకుని పడమటి వైపు నడిచింది. నెర్రెలిచ్చిన కుంట అడుగున, ఇంకా మిగిలిన ఇన్ని నీళ్ల నడుమ, తిప్ప అలాగే ఉంది. ఒక్క పలక జరగలేదు. ఆమె చీర ఎత్తిపట్టకుండానే నీళ్లు దాటి, దాని మీదికెక్కి కూర్చుంది. నేను గట్టు మీదే నిలబడిపోయాను. ఆమె నన్ను చూస్తూనే ఉంది. చివరికి, జీవితంలో మొదటిసారి, నేనూ ఆ నీళ్లలో కాలు పెట్టాను. అడుగు అందింది.

ఇద్దరికీ సరిపోయింది చోటు. పక్కన కూర్చుని అడిగాను, అప్పట్లో ఆ గనిగుంట ఎలా ఉండేదని.

"పెండ్లయిన ఏడే పూడ్పించినా" అంది. "మీ మామతో ఒగటే మాటన్యా. నేనీ ఇంట్లో నిలబడాలంటే ఆ నీళ్లు నా కంటికి కనపడగూడదని. పాపం, ఎదురు చెప్పల్యా. ఈడికి తోలిన ట్రాక్టర్లే ఆడికీ తోలినాడు. మంచోడే పిల్లా. మొదటామె సంగతి మాత్రం నేనడగల్యా, ఆయన చెప్పల్యా."

 ఆమె పలక మీద అరచెయ్యి రాస్తూ ఉంది.

"ఇంగొకటి కూడా అడగల్యా. నాకీ పెండ్లొద్దు నాయనా అనింటే, మా నాయన రాళ్లొద్దంటాండెనా, నన్నొద్దంటాండెనా అని. స్తంభం కాడ నిలబడి నోటిదాకా తెచ్చుకున్యా. ఏమంటాడో అని భయమేసింది. ఆయన పోయి ఇన్నేండ్లయినా, తలుసుకుంటే ఇప్పుడూ భయమే."

పొద్దు వాలుతోంది. ఆటో అతను దూరం నుంచి హారన్ కొట్టాడు. "రా పిల్లా, పోదాం" అని చిన్నత్త లేచింది. నా గుండె ఎప్పటిలాగే ఝల్లుమంది. నీళ్లు దాటి గట్టెక్కాక చూస్తే ఆమె చీర కుచ్చిళ్లు కారుతున్నాయి. నాకు తెలియకుండానే వంగి వాటిని పట్టుకున్నాను.

"ఏంది పిల్లా, ఇంగా తడి చూస్తాండావా?" అంది చిన్నత్త.

 కుచ్చిళ్లు గట్టిగా పిండి, ఆమె చెయ్యి పట్టుకుని ఆటో దాకా నడిపించుకొచ్చాను.